మన మారుతీ 800ని అసెట్టో కోర్సాలోకి ఎక్కించడం ఎలా?

అసెట్టో కోర్సా అనే కార్ రేసింగ్ గేమ్ తెరవగానే ఫెరారీలు, పోర్షేలు, లోటస్‌లు బారులు తీరి కనిపిస్తాయి. నెట్‌లో దొరికిన మోడ్‌లన్నీ, అంటే ఆటగాళ్లు సొంతంగా చేసి పెట్టిన కార్లన్నీ దించుకుంటే ఆ బారు ఇంకా పొడుగవుతుంది. తీరా నడిపి చూస్తే పది కార్లలో ఆరు ఒకేలా తిరుగుతాయి, ఒకేలా జారతాయి. బాడీ కొత్తది, లోపలి లెక్కలు మాత్రం ఏదో పాత కారు నుంచి ఎత్తుకొచ్చినవి. గ్యారేజీలో కొత్త రకం బండి చేరాలంటే దాని బరువు, స్ప్రింగులు, ఇంజిను, టైర్ల లెక్క మనమే కట్టుకోవాలి.

అందుకు మారుతీ 800 కంటే మంచి బండి దొరకదు. 1983 నుంచి 2014 దాకా తయారైంది. భీమవరంలోనైనా, అమలాపురంలోనైనా, రాజోలు లోపలి పల్లెల్లోనైనా షెడ్డు కింద ఒకటి ఇంకా కనిపిస్తుంది. టేపు పట్టుకెళ్తే కొలవడానికి దొరుకుతుంది. ఫెరారీ లెక్క తప్పితే ఎవరికీ తెలీదు. మారుతీ లెక్క తప్పితే మీ బాబాయి రెండు నిమిషాల్లో పట్టేస్తాడు.

ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఫైళ్ల పేర్లు, వాటిలోని వరుసల పేర్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో, పలికినట్టు రాశాం. కంప్యూటర్లో అవన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, మీరూ ఇంగ్లీషులోనే కొట్టాలి.

కావలసిన సరంజామా

గేమ్ అసలుది ఉండాలి, అంటే 2014లో వచ్చిన పీసీ వెర్షన్. దాని తర్వాత వచ్చిన కాంపిటీజియోనేలో కొత్త కార్లు వేయడం కుదరదు. గేమ్‌ను, అందులోని కార్లను సర్దుకోవడానికి కంటెంట్ మేనేజర్, త్రీడీ పనికి బ్లెండర్, బొమ్మలకు గింప్, ఫైళ్లు దిద్దడానికి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ తెచ్చుకోండి. మోడల్‌ను గేమ్ భాషలోకి మార్చే కేఎస్ ఎడిటర్ గేమ్ ఫోల్డరులోనే ఎస్‌డీకే అన్నచోట ఉంటుంది. బయట పనికి ఐదు మీటర్ల టేపు, సుద్దముక్క, దారం, దారానికి కట్టడానికి ఒక నట్టు చాలు.

విండోస్‌లో ఫైలు పేరు చివరి తోక కనిపించేలా సెట్టింగు మార్చుకోండి. ఇది చేయకపోతే పవర్ ఫైలు సేవ్ చేసినప్పుడు దాని వెనకాల ఇంకో టీఎక్స్‌టీ తోక తగులుకుంటుంది. గేమ్‌కి ఆ ఫైలు కనబడదు, కారు లోడవదు, మీరేమో రాత్రంతా అంకెల్లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు.

దాత కారును ఎంచుకోవడం

ఖాళీ ఫోల్డరుతో మొదలెట్టొద్దు. గేమ్‌తో వచ్చిన కార్లలో మన బండికి దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుని కాపీ చేసుకోవాలి. మారుతీకి అబార్త్ 500 సరిపోతుంది: చిన్న బండి, ముందు చక్రాల డ్రైవ్, ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగూ షాకూ ఒకే నిలువు కడ్డీగా ఉండే రకం).

వరుస తప్పకుండా చేయండి. ముందు కంటెంట్ మేనేజర్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి, అబార్త్ పేజీలో డేటా విప్పండి. ఏసీడీ అనే మూటలో ఉన్న ఫైళ్లన్నీ డేటా ఫోల్డరులోకి వస్తాయి. ఆ తర్వాతే కంటెంట్, కార్స్ దారిలో ఉన్న అబార్త్ ఫోల్డరును కాపీ చేసి కొత్త పేరు పెట్టండి. పేరు మొత్తం చిన్న అక్షరాల్లో ఉండాలి, ఖాళీలు ఉండకూడదు. వరుస ఎందుకంటే, ఆ మూటకు వేసిన తాళం ఫోల్డరు పేరుతోనే కట్టి ఉంటుంది. ముందే పేరు మార్చేస్తే తాళం తెరుచుకోదు. విప్పడం అయ్యాక కాపీలోని మూటను తీసేయండి, ఎందుకంటే మూట ఉన్నంతసేపు గేమ్ దాన్నే చదువుతుంది, పక్కన మీరు దిద్దిన ఫోల్డరు వైపు చూడదు. "ఎంత మార్చినా కారు మారట్లేదు" అనే ఫిర్యాదుకు పదింట తొమ్మిదిసార్లు ఇదే జవాబు. అసలు అబార్త్ ఫోల్డరులోని మూటను మాత్రం ముట్టుకోకండి.

సౌండు సంగతి కూడా ఇక్కడే తేల్చేయండి. ఎస్‌ఎఫ్‌ఎక్స్ ఫోల్డరులో బ్యాంక్ ఫైలుకు కొత్త కారు పేరు పెట్టి, జీయూఐడీస్ ఫైలు తెరిచి అందులో అబార్త్ పేరున్న ప్రతిచోటా మీ ఫోల్డరు పేరు పెట్టండి. ఒక్క వరుస వదిలేసినా ఆ శబ్దం వినపడదు, అన్నీ వదిలేస్తే బండి మూగగా పరిగెడుతుంది. మూడు సిలిండర్ల టకటక నిజంగా కావాలంటే ఎఫ్‌మాడ్ స్టూడియోలో కొత్త బ్యాంకు కట్టాలి. అది వేరే చదువు, చివరికి పెట్టుకోండి.

బాడీ ఇంకా అబార్త్‌దే కదా అని బెంగ వద్దు. పైన అబార్త్ చొక్కా, లోపల మారుతీ ప్రాణం. నడకంతా ఇలాగే సరిచేసుకోవచ్చు. మోడల్ గీయడానికి నెలలు పడుతుంది, లెక్కలు మూడు నాలుగు సాయంత్రాల పని. లెక్కలే ముందు కానివ్వండి.

రైసుమిల్లు కాటా మీద తూకం

పుస్తకాల్లో ఉండే బరువు ఖాళీ బండిది. గేమ్‌కి కావలసింది డ్రైవరుతో కలిపి, పెట్రోలు లేకుండా. కార్ ఫైలులో టోటల్ మాస్ అన్న వరుస అదే. దానికంటే ముఖ్యం ముందు ఇరుసు మీద ఎంత, వెనక ఇరుసు మీద ఎంత అన్నది. అది ఏ బ్రోచర్లోనూ రాయరు. మన ప్రాంతంలో రైసుమిల్లు లేని ఊరు తక్కువ, మిల్లు దగ్గర లారీల కాటా ఉంటుంది. సార్వా, దాళ్వా కోతల్లో ధాన్యం లోళ్లు బారులు కడతాయి కాబట్టి ఆ రోజులు వదిలేసి, పొద్దున్నే వెళ్లండి.

మూడు తూకాలు కావాలి. డ్రైవరు సీట్లో మనిషిని కూర్చోబెట్టి బండి మొత్తం ఒకటి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకటి. వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకటి. ప్రతిసారీ బండి న్యూట్రల్లో ఉండాలి, హ్యాండ్‌బ్రేకు వేయకూడదు. బ్రేకు బిగించి ఉంటే చక్రాల మధ్య లాగుడు ఉండి తూకం అటూ ఇటూ అవుతుంది. కాటా పలక, బయటి నేల ఒకే మట్టంలో ఉండాలి. ర్యాంపు ఎక్కించే రకం కాటా అయితే బయటున్న చక్రాలు కిందికి ఉంటాయి, బరువు వాటి వైపు ఒరుగుతుంది, ఆ తూకం పనికిరాదు. ముందు, వెనక తూకాలు కలిపితే మొత్తానికి 10 కిలోల లోపు తేడాలో రావాలి. లారీ కాటాలు 5 లేదా 10 కిలోల మెట్టులో చూపిస్తాయి, కాబట్టి అంతకంటే కచ్చితం ఆశించకండి.

ఉదాహరణకు మొత్తం 735, ముందు 440, వెనక 295 వచ్చాయనుకుందాం. ట్యాంకులో 10 లీటర్ల పెట్రోలుంది. లీటరు పెట్రోలు ముప్పావు కిలో చొప్పున ఏడున్నర కిలోలు తీసేస్తే టోటల్ మాస్ దాదాపు 728. సస్పెన్షన్ ఫైలులో సీజీ లొకేషన్ అంటే ముందు ఇరుసు వాటా: 440ని 735తో భాగిస్తే 0.60. ఇంజినూ గేరుబాక్సూ ముందే ఉన్న బండికి ఇది సబబైన అంకె. 0.50 దగ్గర వచ్చిందంటే డిక్కీలో గ్యాస్ సిలిండరో, ఎరువు బస్తానో ఉండిపోయిందేమో చూసుకోండి.

టేపు, దారం, డీఏపీ బస్తాలు

బండిని గచ్చు మీద నిలిపి స్టీరింగు నిటారుగా పెట్టండి. చక్రం మధ్య నుంచి నట్టు కట్టిన దారం వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టండి. ముందు గుర్తుకీ వెనక గుర్తుకీ మధ్య దూరం వీల్‌బేస్. మారుతీకి 2175 మిల్లీమీటర్లు రావాలి. ఎడమ పక్కా కుడి పక్కా కొలవండి. రెండింటికీ 5 మిల్లీమీటర్లు మించి తేడా ఉంటే బండి ఎప్పుడో గుద్దుకుని తిన్నగా చేయించినది, వేరే బండి చూసుకోవడం మేలు. ట్రాక్ అంటే ఒక టైరు నడిమి నుంచి రెండో టైరు నడిమికి. ముందు, వెనక వేర్వేరుగా రాసుకోండి, రెండూ 1200 దగ్గరలో ఉంటాయి.

టైరు మీద 145/70 ఆర్ 12 అని ఉంటే లెక్క ఇలా: 145లో 70 శాతం 101.5, అంగుళానికి 25.4 చొప్పున 12 అంగుళాల్లో సగం 152.4, రెండూ కలిపితే 253.9. టైర్ల ఫైలులో రేడియస్ 0.254. కొందరు టైరు మీద సుద్ద గీసి, బండిని ఒక చుట్టు తోసి, దూరం కొలిచి వ్యాసార్థం కడతారు. అది బరువు కింద నొక్కుకున్న టైరుది, కొంచెం తక్కువ వస్తుంది. దాన్ని రేడియస్‌లో పెడితే గేమ్ మళ్లీ తన వంతు నొక్కుతుంది, బండి నేలకు కూరుకుపోయినట్టుంటుంది.

ఇక స్ప్రింగులు. మోడ్ చేసేవాళ్లలో ఎక్కువమంది ఊహించి వేసే అంకె ఇదే, బండి నడక చెడేదీ ఇక్కడే. కొలవడం కష్టమేం కాదు. రెండు డీఏపీ బస్తాలు తెచ్చుకోండి, ఒక్కోటి 50 కిలోలు. యూరియా తెస్తే మోసపోతారు, ఆ బస్తా ఇప్పుడు 45 కిలోలే. వెనక సీటు మడిచి, బస్తాలు సరిగ్గా వెనక ఇరుసు పైన వచ్చేలా పెట్టాలి. పెట్టకముందు, పెట్టిన తర్వాత చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు వంపు దాకా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు నొక్కుడు కూడా కలిసిపోతుంది. కొలిచే ముందు ప్రతిసారీ బండిని చేత్తో నాలుగుసార్లు ఊపి వదలండి, లేకపోతే బుష్షులు పట్టేసి సగం కుంగుడే చూపిస్తాయి. రెండు పక్కలా కొలిచి సగటు తీయండి.

సగటున 44 మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. 100 కిలోలంటే 981 న్యూటన్లు. దాన్ని 0.044తో భాగించి, రెండు స్ప్రింగులు కాబట్టి సగం చేస్తే 11,150 దాకా వస్తుంది. వెనక స్ప్రింగ్ రేట్ వరుసలో 11000 వేయండి. ముందువైపు ఇలా బస్తాలు పెట్టే చోటు లేదు, బానెట్ సొట్ట పడుతుంది. అక్కడ ఊగుడు లెక్క వాడండి. ముందు ఒక మూల మీద 220 కిలోలు, అందులో చక్రం, హబ్బు తీసేస్తే 195. ఇలాంటి చిన్నకారు సెకనుకు 1.4 సార్లు ఊగుతుందనుకుంటే, 6.28ని 1.4తో హెచ్చించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 195తో హెచ్చించాలి. 15,000 వస్తుంది. అదే పద్ధతిలో వెనక లెక్క కట్టి చూస్తే మీ బస్తాల కొలత సరిగ్గా ఉందో లేదో కూడా తెలిసిపోతుంది.

షాక్ అబ్సార్బర్లకు ముందు బంప్ (నొక్కుకునేటప్పుడు) 800, రీబౌండ్ (సాగేటప్పుడు) 1500తో మొదలెట్టండి. వెనక దీనికి మూడింట రెండొంతులు. దాత కారు అంకెలు అలాగే వదిలేస్తే మారుతీ రేస్ కారులా బిర్రుగా ఉంటుంది, రోడ్డు గతుకు మీద చక్రం గాల్లోనే ఉండిపోతుంది.

వెనక సస్పెన్షన్ ఏ రకమో బండి కింద వంగి చూడండి. తొలి మోడళ్లకు కమాన్ పట్టీలు, తర్వాతి వాటికి కాయిల్ స్ప్రింగులు. రెంటికీ ఇరుసు మాత్రం ఒకటే గట్టిది, కాబట్టి టైప్ దగ్గర యాక్సిల్ అని రావాలి. లింకుల పాయింట్లు ఎలా రాయాలో టొయోటా ఏఈ86 డేటా విప్పి చూడండి, అది జపనీస్ ప్యాక్ అనే విడిగా కొనే అదనపు ప్యాక్‌లో వచ్చింది.

బరువు కేంద్రం ఎత్తు ఏ వరుసలోనూ నేరుగా ఉండదు. బేస్ వై అనే అంకెలో దాక్కుని ఉంటుంది. టైరు రేడియస్ లోంచి బేస్ వై తీసేస్తే వచ్చేదే ఎత్తు. మారుతీకి 0.52 మీటర్లు పెట్టుకుంటే బేస్ వై మైనస్ 0.266. ముందూ వెనకా ఒకటే ఎత్తు రావాలి. ఇది మార్చాక గ్రాఫిక్స్ ఆఫ్‌సెట్ కూడా అంతే మేరకు మార్చకపోతే బాడీ చక్రాల మీద తేలుతుంది, లేదా చక్రాలు మడ్‌గార్డుల్లోకి చొచ్చుకుపోతాయి.

ఇనర్షియా దగ్గర మూడు అంకెలుంటాయి: వెడల్పు, ఎత్తు, పొడవు. బండి బయటి కొలతల కంటే కొంచెం తగ్గించి 1.3, 1.1, 3.1 వేయండి. పొడవు మరీ తగ్గిస్తే స్టీరింగు కదిపితే చాలు బొంగరంలా తిరిగేస్తుంది.

ఇంజినుకు తెలిసిన రెండు అంకెలు చాలు

796 సీసీ ఇంజిను, 5000 ఆర్‌పీఎం దగ్గర 37 బీహెచ్‌పీ, 2500 దగ్గర 59 న్యూటన్ మీటర్లు. ఈ రెండు బిందువుల మధ్య గీత గీయాలి. బీహెచ్‌పీని 7121తో హెచ్చించి ఆర్‌పీఎంతో భాగిస్తే టార్క్ వస్తుంది. 37కి 52.7. పవర్ ఫైలులో వేయాల్సింది గేరుబాక్సు, షాఫ్టుల్లో పోయేది పోగా మిగిలినది. 13 శాతం తీసేయండి. అప్పుడు 59 కాస్తా 51 అవుతుంది, 52.7 కాస్తా 46 అవుతుంది. కింద ఎడమ పక్కది ఆర్‌పీఎం, కుడి పక్కది టార్క్.

1000|42
2000|49
2500|51
3500|50
4500|48
5000|46
5500|41
6000|34
6500|20

నిలువు గీతకు అటూ ఇటూ ఖాళీలు వద్దు. లిమిటర్ 6000 పెట్టినా పట్టికను ఇంకో మెట్టు పైదాకా రాయండి. మినిమమ్ 850. ఇంజిన్ ఇనర్షియా 0.08 దగ్గర పెట్టండి. ఎక్కువైతే యాక్సిలరేటర్ వదిలినా రేస్ దిగదు, తక్కువైతే గేరు మార్చిన ప్రతిసారీ బండి కుదుపుతుంది.

డ్రైవ్‌ట్రెయిన్ ఫైలులో ఎఫ్‌డబ్ల్యూడీ, గేర్లు నాలుగు. పరీక్షకు 3.58, 2.17, 1.33, 0.90, ఫైనల్ 4.35 వేసి చూడండి. మీ బండి మాన్యువల్లో వేరే అంకెలుంటే అవే వేయండి. డిఫరెన్షియల్‌లో పవర్, కోస్ట్ రెండూ సున్నా. దాత కారు అంకెలు వదిలేస్తే మలుపులో లోపలి చక్రం గిర్రున తిరగాల్సిన చోట బండి బుద్ధిగా ముందుకు లాగేస్తుంది, మారుతీతనం అక్కడే పోతుంది. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ రెండూ ప్రెజెంట్ సున్నా చేయండి. బ్రేకుల మ్యాక్స్ టార్క్ 900, ఫ్రంట్ షేర్ 0.72.

టైర్ల దగ్గర ఒక అపోహ ఉంది. వెడల్పు 0.145 అని రాస్తే పట్టు దానంతటదే తగ్గుతుందనుకుంటారు. తగ్గదు. పట్టు డీఎక్స్ రెఫ్, డీవై రెఫ్ అంకెల్లో ఉంటుంది. పాత మామూలు టైరుకు 1.0 దాటించకండి. దాటిస్తే ఏమవుతుందో లెక్క చెబుతుంది: ట్రాక్ 1.2ని, బరువు కేంద్రం ఎత్తు 0.52కి రెట్టింపు అయిన 1.04తో భాగిస్తే 1.15. టైరు పట్టు ఇంతకు మించితే బండి జారే బదులు బోల్తా కొడుతుంది. కొత్త మోడ్ మొదటి మలుపులోనే పల్టీ కొట్టిందంటే ముందు చూడాల్సింది ఈ అంకెనే. ఎఫ్‌జెడ్ సున్నా అనే వరుసలో ఒక ముందు చక్రం మీద పడే బరువు, అంటే 220 కిలోలకు 2160 న్యూటన్లు, ఆ దగ్గర ఉంచండి.

కంప్యూటరు నడిపే మారుతీలకు ఏఐ ఫైలులో అప్ 4800, డౌన్ 2800. దాతది 6000 పైన ఉండిపోతే మన లిమిటర్ అక్కడిదాకా వెళ్లనివ్వదు, బండ్లన్నీ మొదటి గేరులోనే గుర్రుమంటూ రేసంతా పాకుతాయి.

నిజమైన రోడ్డుతో సరిచూడటం

డెల్టా నేల బల్లపరుపుగా ఉండటం ఇక్కడ కలిసొచ్చే సంగతి. ఎత్తు అంటే మనకు కాలవ వంతెన ర్యాంపే. తెల్లవారుజామున జనం, పశువులు, కళ్లాలు లేని తిన్నని తారు రోడ్డు చూసుకోండి. 50 కిలోమీటర్ల వేగంలో న్యూట్రల్ చేసి, 30కి దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో పక్కన కూర్చున్నవాళ్లు చూడాలి, డ్రైవరు కాదు. సముద్రం వైపు గాలి తోస్తుంది కాబట్టి అటొకసారి, ఇటొకసారి చేసి సగటు తీయండి. ఇలాంటి బండికి కాగితం మీద లెక్క కడితే 30 సెకన్ల దగ్గర వస్తుంది. పక్క మనిషి బరువు కలిస్తే కొంచెం పెరుగుతుంది. అంతకంటే బాగా తక్కువొస్తే టైర్లలో గాలి, అంటుకుంటున్న బ్రేకులు చూసుకోండి.

ఇప్పుడు గేమ్‌లో డ్రాగ్ స్ట్రిప్ మీద అదే చేయండి. ముందే ఆగిపోతుంటే టైర్ల రోలింగ్ రెసిస్టెన్స్ తగ్గించాలి. 50 నుంచి 30 మధ్య గాలి కంటే టైరు లాగుడే ఎక్కువ. గాలి సంగతి పైవేగంలో తేలుతుంది. నాలుగో గేరులో గేమ్ బండి 130 దగ్గర ఆగాలి. 140 దాటిందంటే ఏరో ఫైలులో బాడీ సీడీ గెయిన్ పెంచండి. పైవేగం పరీక్ష గేమ్‌లోనే చేయండి, హైవే మీద కాదు.

తర్వాత మాజియోనే ట్రాక్ మీద పది చుట్లు. మలుపులో యాక్సిలరేటర్ వదిలితే ముక్కు కొంచెం లోపలికి తిరగాలి, తొక్కితే బయటికి పోవాలి. వెనక తోక ఊరికే బయటికొస్తుంటే వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) అంకె దాతదే ఉండిపోయి ఉంటుంది. సున్నా చేసి చూడండి.

బాడీ

బ్లెండర్ నేర్పడం ఇక్కడ పని కాదు. తప్పులు జరిగేచోట్లు మాత్రం చెప్తాం. ఫొటోలు దగ్గరి నుంచి తీస్తే ముక్కు ఉబ్బి కనిపిస్తుంది. కళ్లం లాంటి ఖాళీ చోట బండిని పెట్టి, 15 మీటర్లు వెనక్కి వెళ్లి జూమ్ చేసి తీయండి. కొలతలు 3.335, 1.44, 1.405 మీటర్లు. ఒక్కో మెష్‌లో (త్రిభుజాలతో అల్లిన ముక్కలో) 65,535 శీర్షాలకు, అంటే మూల బిందువులకు మించితే కేఎస్ ఎడిటర్ తీసుకోదు, ముక్కలు చేయండి. మొత్తం బండి లక్ష త్రిభుజాల్లోపు ఉంటే పాత గ్రాఫిక్స్ కార్డుల మీద కూడా ఇరవై మారుతీలు నడుస్తాయి. దూరానికి వేరే తేలిక మోడళ్లు గీసి లాడ్స్ ఫైలులో వాటి పేర్లు రాయండి.

చక్రాల నోడ్లకు గేమ్ అడిగే పేర్లే పెట్టాలి: వీల్ ఎల్‌ఎఫ్, ఆర్‌ఎఫ్, ఎల్‌ఆర్, ఆర్‌ఆర్. మధ్యలో అండర్‌స్కోర్. ప్రతి నోడ్ చక్రం నట్టనడుమ ఉండాలి, దాని మీద తిప్పుడు మిగిలి ఉండకూడదు. మిగిలితే చక్రం సొట్టపోయిన సైకిల్ రిమ్ములా ఊగుతుంది. మనది కుడిచేతి స్టీరింగు, దాతది ఎడమ. డ్రైవర్ ఐస్‌లో మొదటి అంకె గుర్తు తిప్పేస్తే కెమెరా ఈ సీట్లోకి వస్తుంది, డ్రైవరు బొమ్మను విడిగా జరపాలి. గుద్దుకోవడానికి వాడే కొలైడర్ మూసిన పెట్టెలా, వంద త్రిభుజాల్లోపు, అడుగు నేలకు జానెడు ఎత్తులో ఉండాలి. నేలకు తగిలితే రేస్ మొదలవగానే బండి కప్పలా ఎగురుతుంది.

వేరే గేముల్లోంచి మోడల్ చీల్చి తేవడం చాలామంది చేసేదే. అది దొంగసొమ్ము. మీ పేరుతో పంచకండి.

స్కిన్‌లు, అంటే బాడీ మీద వేసే రంగులు, సరదా పని. తెల్లది, ఎర్రది, పసుపు ప్లేటు టాక్సీ. ప్లేటు మీద ఏపీ 05 అనో, పడమట గోదావరి అయితే ఏపీ 37 అనో పెట్టుకోవచ్చు గానీ తర్వాతి అంకెలు నిజం బండివి కాకుండా చూడండి.

తర్వాతి బండ్లు

ఒకటి కుదిరాక మిగతావి త్వరగా వస్తాయి. అంబాసిడర్‌కు దాత ఏఈ86: వెనక చక్రాల డ్రైవ్, గట్టి ఇరుసు. వీల్‌బేస్ 2464 మిల్లీమీటర్లు, వెనక కమాన్ పట్టీలు. టాటా ఏస్ తీసుకుంటే ఖాళీది ఒకటి, కొబ్బరికాయల లోడుతో ఒకటి, రెండు ఫోల్డర్లు చేయండి. లోడు బండి యూఐ ఫైలులో పేరెంట్ దగ్గర ఖాళీ బండి ఫోల్డరు పేరు రాస్తే జాబితాలో రెండూ ఒకేచోట ఉంటాయి. లోడు అంటే బరువు పెంచడమొక్కటే కాదు. ఉదాహరణకు 850 కిలోల బండికి బరువు కేంద్రం 0.6 మీటర్ల ఎత్తులో, 700 కిలోల కాయలకు 1.1 ఎత్తులో ఉంటే, రెండూ కలిపి 0.83కి లేస్తుంది. ట్రాక్ 1.3 అనుకుంటే పై సూత్రం 0.79 చెబుతుంది, అంటే టైరు జారకముందే బండి ఒరుగుతుంది. రావులపాలెం వైపు మలుపుల్లో లోడు బండి డ్రైవర్లు ఎందుకంత నెమ్మదిగా తిప్పుతారో స్టీరింగు పట్టుకుంటే తెలుస్తుంది.

ఆటో కూడా పెట్టమని అందరూ అడుగుతారు. ఈ గేమ్ నాలుగు చక్రాలకే కట్టింది. ముందు రెండు చక్రాలను దగ్గరికి జరిపి ఒకటిగా చూపించే చిట్కా ఉంది గానీ, నిజం ఆటోలా ఒరగదు. మానుకోండి.

పంచేముందు

స్నేహితులతో ఆన్‌లైన్ ఆడాలంటే డేటా ఫోల్డరును కంటెంట్ మేనేజర్‌లోనే మళ్లీ మూట కట్టండి. సర్వరు ఆ మూటను సరిపోల్చి చూస్తుంది. ఒక్క అంకె తేడా ఉన్నా చెక్‌సమ్ తప్పిందని బయటికి నెట్టేస్తుంది. అందుకని పంచాక ఫైలు దిద్దితే యూఐ ఫైలులో వెర్షన్ అంకె పెంచి, జిప్ మళ్లీ అందరికీ పంపాలి. ఆ యూఐ ఫైలులో చివరి వరుస తర్వాత కామా మిగిలిపోయినా కారు పేరు, వివరాలు సరిగ్గా రావు. లోడవుతూ గేమ్ మూసుకుపోతే డాక్యుమెంట్స్‌లో అసెట్టో కోర్సా ఫోల్డరు, దానిలో లాగ్స్, అందులో లాగ్ ఫైలు తెరిచి చివరి ఇరవై వరుసలు చదవండి. దొరకని ఫైలు పేరు దాదాపు ఎప్పుడూ అక్కడే ఉంటుంది.